నెత్తిమీది ద్వీపం

ఫిబ్రవరి 3

శస్త్రచికిత్స ముగిసింది. తల వెనుకభాగం నుంచి వెంట్రుకలను ఒక్కొక్కటిగా పెకలించి, నుదుటికి పైన బీడుపడిన నేలలో ఒక్కొక్కటిగా నాటారు. ప్రస్తుతం నా తల చీమలబారు నడిచి వెళ్ళిన చక్కెర డబ్బా మూతలాగా ఉంది.

ఈ వయసులో ఇదేం పోకడ అని ఎవరైనా అడిగితే చెప్పవలసిన సమాధానాన్ని విషయప్రవేశం, ప్రతిపాదన, ముగింపులతో సహా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. మా శ్రీమతి మాత్రం "నొప్పిగా ఉందా?" అని అడిగింది. దానికి సమాధానం సిద్ధం చేసుకోలేదు.

ఇక్కడైనా నిజం వ్రాస్తాను. నేను భాష బోధించిన పాఠశాల సభామందిరంలో విశ్రాంత ఉపాధ్యాయుల ఛాయాచిత్రాలు పెట్టబోతున్నారు. నవంబరులో ఆవిష్కరణ. నా చిత్రం పక్కన లెక్కల మాస్టారి చిత్రం ఉంటుంది. ఆయన తల ఈనాటికీ పొదలాగే ఉంది. ఆ పొద పక్కన నా తల గోడ కూలేదాకా నున్నగా మెరుస్తూ ఉండటానికి నేను సమ్మతించను. పిల్లలు నాకు 'పున్నమి మాస్టారు' అని పేరు పెట్టిన సంగతి నాకు తెలియదని అందరూ అనుకుంటారు. పెట్టినవాడెవడో కూడా తెలుసు. వాడికి వ్యాసరచనలో మంచి మార్కులే వేశాను. పోలిక బాగుంది.

వైద్యుడు యువకుడు. చేయి మంచిది, భాష దారుణం. బయలుదేరే ముందు నన్ను కూర్చోబెట్టి, ఒక మాత్రల డబ్బా, తలకు రాసుకునే మందు సీసా చేతిలో పెట్టాడు.

"నాటిన వెంట్రుకలు ఊడదు మాస్టారూ."

"ఊడవు," అన్నాను.

"అదేనండి, ఊడదు. మందులెందుకంటే, పాత వెంట్రుకలు పోతుంది కదా..."

"పోతాయి."

"ఆ, పోతాయి! కరెక్టుగా చెప్పారు. మీకు అర్థమైపోయింది. రోజూ వాడండి, ఆపొద్దు."

కర్త బహువచనమైతే క్రియ కూడా బహువచనంలో ఉండాలన్న ఇంగితం లేకుండా ఇతడు అన్ని పరీక్షలు ఎలా గట్టెక్కాడో! ఆ బాధలో తక్కిన మాటలు చెవిన పడలేదు. సారాంశం మాత్రం గ్రహించాను. నాటినవి ఊడవు. ఊడనివాటికి మందు దేనికి?

ఫిబ్రవరి 4

కూర్చొనే నిద్రపోవాలట. సిబ్బంది సమావేశాలలో అభ్యసించిన విద్యే.

ఫిబ్రవరి 6

మా శ్రీమతి ఉదయం కాఫీతోపాటు మాత్ర కూడా తెచ్చింది.

"ఏమండీ, ఇది వేసుకోలేదేం?"

"అవసరం లేదోయ్. నాటినవి ఊడవని డాక్టరే అన్నాడు."

"రోజూ వేసుకోమని కూడా అన్నాడుగా?"

"అతను ఏమన్నాడో నువ్వు వినలేదు."

"మీరు విన్నారా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు.

"మొక్క నాటినవాళ్ళు నీళ్ళు పోయరూ?" అంది మళ్ళీ.

"అది ఉపమానం. ఉపమానాలతో వెంట్రుకలు పెరగవు."

"ఉపన్యాసాలతోనూ పెరగవు," అని లోపలికి వెళ్ళిపోయింది.

న్యాయంగా ఉండాలని, మాత్రల డబ్బాలోని కరపత్రం ఆసాంతం చదివాను. ఎర్ర సిరా అయిపోయింది. ఒక్క వాక్యమూ తిన్నగా నిలబడలేదు. తన గురించి తాను నాలుగు ముక్కలు సరిగా చెప్పుకోలేని మందు నా తలకేం చేస్తుంది? డబ్బానూ సీసానూ స్నానాలగదిలో అద్దం కింది అరలో పెట్టించాను. పారవేయలేదు. నేను మొండివాణ్ణి కాను.

ఫిబ్రవరి 25

దిండు మీద వెంట్రుకలు. నాటినవే.

ఫిబ్రవరి 26

ఇంకా.

ఫిబ్రవరి 27

వెంట్రుకతో కొండను లాగితే, వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. ఈ సామెత కట్టినవాడికి ఒత్తయిన జుట్టు ఉండి ఉండాలి.

వైద్యుడికి ఫోను చేశాను.

"కంగారు పడకండి మాస్టారూ, నాటిన వెంట్రుకలు ముందోసారి రాలిపోతుంది. వేళ్ళు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో మళ్ళీ మొలుస్తుంది. మందులు వాడుతున్నారు కదా?"

"మీ సూచనలు నా దృష్టిలో ఉన్నాయి," అన్నాను.

ఇది అసత్యం కాదు. సీసా ప్రతి ఉదయమూ నా దృష్టిలో పడుతూనే ఉంది.

మార్చి 19

గ్రంథాలయంలో లెక్కల మాస్టారు కనిపించారు. కనిపించడం ఏమిటి, నా కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఏమిటి మాస్టారూ, టోపీ పెట్టారు?"

"ఎండ."

"గదిలోనా?"

"కిటికీ తెరిచి ఉంది."

ఆయన కిటికీవైపు చూశారు. మూసి ఉంది. నేను పత్రిక విప్పాను.

"తప్పేముందండీ, ఈ రోజుల్లో అందరూ చేయించుకుంటున్నారు," అన్నారు గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గిస్తే రెండు బల్లల అవతలికి వినపడుతుంది. "మాత్ర మాత్రం మానకండేం. నేను చూడండి, ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటున్నాను."

ఆయనకు రక్తపోటు ఉన్నట్టు నాకింతవరకు తెలియదు. ఉప్పు తగ్గించమని సానుభూతితో సలహా ఇచ్చాను. ఆయన నావంక విచిత్రంగా చూశారు. పాపం, రోగాన్ని గురించి మాట్లాడటం ఆయనకు ఇష్టం లేదు కాబోలు.

జూన్ 11

మొలిచింది!

మొలిచాయి. ఆనందంలో ఏకవచనం పడింది. ఈ విషయం ఎవరికీ తెలియనక్కరలేదు.

జూన్ 30

దువ్వెన కొన్నాను. దుకాణదారు "ఎవరికండీ?" అని అడిగాడు. "నాకు," అన్నాను. ఒక ఉత్తమ పురుష సర్వనామం పలకడంలో ఇంత ఆనందం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. అక్కడే, అతడి అద్దంలోనే, పాపిట తీశాను. ఎడమవైపు. తరువాత కుడివైపు. వెనుక మరొకరు నిలబడి దగ్గారు.

జులై 14

నుదుటి మీద పడుతోంది. అప్పుడప్పుడు కావాలనే పడనిచ్చి, వెనక్కి తోస్తున్నాను. మా శ్రీమతి "మెడ పట్టేసిందా?" అని అడిగింది.

మాత్రలు వేసుకోనివాడి జుట్టు ఇది! తర్కానికి తిరుగులేదు.

జులై 22

ఒక వింత. మా శ్రీమతి పాపిట పక్కన కొంతకాలంగా నేల కనిపిస్తూ ఉండేది. ఇప్పుడు కనిపించడం లేదు. ఏమిటి సంగతి అంటే, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే," అని నవ్వేసింది. భర్త సంతోషంగా ఉంటే భార్య ఆరోగ్యం దానంతట అదే బాగుపడుతుందన్న మాట.

అద్దం కింది అరలో మందు సీసా సగానికి పైగా ఖాళీ అయింది. ఆవిరైపోతోంది. కరపత్రంలో ఈ సంగతి చెప్పనే లేదు.

ఆగస్టు 8

నడినెత్తి వెనుక చల్లగా అనిపిస్తోంది. ఫ్యాను వేగం తగ్గించాను.

ఆగస్టు 17

ఫ్యాను ఆపేశాను. అయినా చల్లగానే ఉంది. గోడల తేమ.

ఆగస్టు 29

స్నానాలగదిలో నీళ్ళు పోవడం లేదు. జాలీలో వెంట్రుకలు. మా శ్రీమతివి కావు, పొట్టివి. మా అల్లుడివి అయి ఉండాలి. అతడి కుటుంబం మేడమీది వాటాలో ఉంటుంది. అతడికి స్నానాలగది వేరే ఉంది. అయినా అతడివే అయి ఉండాలి.

సెప్టెంబరు 12

మేడమీది నుంచి మనవరాలు దిగివచ్చింది. నాలుగో తరగతి. మర్నాడు పరీక్ష, పాఠం అప్పగించుకొమ్మంది. నేను నేలమీద కూర్చుని పత్రిక చదువుతున్నాను. నా వెనుక నిలబడి మొదలుపెట్టింది.

"నాలుగు వైపులా నీరు ఉన్న భూభాగాన్ని ద్వీపం అంటారు. మూడు వైపులా నీరు ఉండి, ఒక వైపు భూమి ఉంటే..."

ఆగిపోయింది.

"ఊఁ, తరువాత?"

"తాతయ్యా! నీ నెత్తి మీద ద్వీపం ఉంది!"

"పాఠం చెప్పమంటే పరాచికాలా?"

"ఒట్టు తాతయ్యా. ఇదిగో ముందర జుట్టు. వెనకాల నున్నగా సముద్రం. ఇటు పక్కా సముద్రమే. అటు పక్కా సముద్రమే. నుదురు ఇంకో సముద్రం." వేలితో చుట్టూ తిప్పి చూపించింది. వేలు ఎక్కడా అడ్డు తగలలేదు.

"అట్లా అయితే అది ద్వీపకల్పం. చెవి దగ్గర భూమి కలుస్తుంది. సరిగ్గా చూడు."

మళ్ళీ వంగి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాననుకుంటాను.

"కలవలేదు. ద్వీపమే. పడవ వేసుకుని వెళ్ళాల్సిందే."

"తప్పు," అని పంపించేశాను. పిల్లలకు పటాలు చదవడం సరిగ్గా నేర్పడం లేదు.

సెప్టెంబరు 13

బీరువా అద్దానికి వీపు పెట్టి, చేతిలో చిన్న అద్దం పట్టుకుని చూశాను. స్పష్టంగా కనిపించలేదు. కళ్ళజోడు తీసే చూశాను.

అక్టోబరు 20

ఛాయాచిత్రకారుడు వచ్చాడు. నా పూర్వ విద్యార్థి. ఇప్పుడు సొంత స్టూడియో ఉంది. 'పున్నమి' అనే పేరు పెట్టినవాడు వీడే. ఆ సంగతి నాకు తెలుసని వాడికి తెలియదు.

కుర్చీ, బల్ల, పుస్తకాల అర, అన్నీ సర్దాను. కొత్త జుట్టును మూడు విధాలుగా దువ్వి, మొదటి దానికే తిరిగి వచ్చాను.

"మాస్టారూ, ఇలా నావైపు చూడండి. తల ఎత్తండి. అబ్బ, బ్రహ్మాండం! హీరోలా ఉన్నారు!"

ఆ మాటతో ఆగి ఉండవలసింది. కాని లెక్కల మాస్టారి చిత్రం తల ఎత్తి, గుండెల మీద చేతులు కట్టుకుని ఉన్నట్టు నాకు ముందే తెలిసింది. పోలీసు అధికారిలా ఉన్నారట. ఉపాధ్యాయుడంటే అట్లా ఉంటాడా?

"నేను నోటుపుస్తకం దిద్దుతూ ఉండగా తియ్యి," అన్నాను.

"వంగుతారా? తలే కనిపిస్తుందండీ మరి."

"కనిపించనీ! అందుకేగా!"

"అది కాదు మాస్టారూ, ఆ వెనకాల..."

"ఏరా, అప్పుడూ ఇంతే. చెప్పింది రాయకుండా సొంత కవిత్వం. తియ్యి!"

"సరే మాస్టారూ," అని స్టూలెక్కి తీశాడు. స్టూలెందుకురా అంటే, వెలుతురు బాగా పడుతోంది అన్నాడు. వినయం గల విద్యార్థి.

నవంబరు 2

చిత్రం నకలు వచ్చింది.

నవంబరు 3

నిన్న ఏమీ వ్రాయలేకపోయాను.

మా మనవరాలు పటాలు బాగానే చదువుతుంది. ద్వీపమే. నల్లగా, ఒత్తుగా, తీరరేఖ తీర్చిదిద్దినట్టు ఉన్న ద్వీపం. చుట్టూ అలలు లేని సముద్రం. అక్కడ పలచగానైనా కాపురం చేస్తూ ఉండిన పాత వెంట్రుకలు ఒక్కటి కూడా చెప్పకుండా ఎప్పుడు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి?

స్టూడియోకు ఫోను చేశాను.

"ఒరేయ్, ఇంకొకటి తీయడం కుదురుతుందా?"

"అచ్చుకు వెళ్ళిపోయింది మాస్టారూ. పెద్ద సైజు. తలుపంత ఉంటుంది."

తలుపంత!

మా శ్రీమతి నకలు చూసింది. నవ్వుతుందని గోడవైపు తిరిగి కూర్చున్నాను. నవ్వలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఏమండీ, కోపం తెచ్చుకోనంటే ఒకటి చెబుతాను. ఆ సీసా ఆవిరైపోలేదు. నేను రాసుకున్నాను."

"నువ్వా?"

"పాపిట పలచబడుతోందని బెంగగా ఉండేది. మీతో చెబితే నా బెంగలో తప్పులు దిద్దుతారని చెప్పలేదు. డాక్టరుకు ఫోను చేసి అడిగాను. మాత్రల జోలికి పోవద్దు, అవి మగవాళ్ళకే అన్నాడు. ఆ సీసా అయ్యాక ఆడవాళ్ళకు వేరేది వాడమన్నాడు. తెప్పించుకున్నాను. మందు ఎవరికి పని చేస్తుందో కూడా విడమరిచి చెప్పాడు. చాలా చక్కగా చెబుతాడండీ ఆ అబ్బాయి."

"చక్కగానా? ఆ భాషతోనా?"

"నాకు అర్థమైంది మరి."

కొప్పు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. ఒత్తుగానే ఉంది. నేను నా దువ్వెన సొరుగులో పెట్టేశాను.

నవంబరు 5

వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. అతడు నా తలను ముందు నుంచి చూసి సంతోషించాడు. వెనుక నుంచి చూసి దీపం దగ్గరికి లాగాడు.

"మందులు వాడలేదా మాస్టారూ?"

"నాటినవి ఊడవు అన్నారు గదా."

"అవునండి, నాటిన వెంట్రుకలు ఊడదు. అప్పుడు రాలినవి కూడా అన్నీ మళ్ళీ మొలిచింది చూడండి. మందులు నాటినవాటికి కాదండీ, చుట్టూ ఉన్న పాతవాటికి. నాటినవి వెనక నుంచి తెచ్చిన మొండి జాతి, అక్కడే పాతుకుపోతుంది. పాత వెంట్రుకలకు ఆ బలం లేదు. మందు లేకపోతే అవి పోతుంది. అందరికీ ఒకలా ఉండదు, కానీ మీకు చుట్టూ పాతవి చాలా ఉండేది. అందుకే రోజూ వాడమన్నాను. ఆ రోజే చెప్పాను కదండీ?"

చెప్పాడు. ఆ వాక్యాన్ని నేను విన్నాను. దిద్దాను. దాని అర్థం ఒక్కటే ఇంటికి తెచ్చుకోలేదు.

"ఇప్పుడు మొదలుపెడితే?"

"పోయినవన్నీ తిరిగి రాదండి. ఉన్నవి ఆగుతుంది. కొన్ని రావచ్చు. ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే నాకు చెప్పాలి."

ఆ నాలుగు వాక్యాలలో రెండు తప్పులున్నాయి. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో ఇంత కష్టమైన మౌనం మరొకటి లేదు.

"ఇంకేమైనా అడగాలా మాస్టారూ?"

"మరొకసారి చెప్పండి," అన్నాను.

నవంబరు 6

మాత్ర వేసుకున్నాను. చేదుగా లేదు. కొంత నిరాశ కలిగింది.

నవంబరు 16

ఆవిష్కరణ సభ.

జ్వరం ఉందని చెబుదామనుకున్నాను. మా శ్రీమతి ధర్మామీటరు తెచ్చింది. వెళ్ళాము.

వేదిక మీద లెక్కల మాస్టారి పక్కన కూర్చున్నాను. ముందుగా ఆయన చిత్రం మీది తెర లాగారు. చేతులు కట్టుకున్న పొద. చప్పట్లు. తరువాత నా చిత్రం.

తెర పడిపోయింది. తలుపంత ఎత్తున నా నెత్తి, నడుమ ద్వీపం, దాని కింద ఎక్కడో కాస్త ముక్కు, ఎర్ర కలం.

వెనుక వరుసల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరేయ్, పున్నమికి మచ్చొచ్చిందిరా!"

సభ మొత్తం పగలబడి నవ్వింది. నేల తెరుచుకుంటే దూకడానికి సిద్ధంగా కూర్చున్నాను. అరిచింది ఛాయాచిత్రకారుడే. చంద్రుడికి మచ్చ! ఇన్నేళ్ళు గడిచినా వాడి పోలిక వాడిదే. నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

అప్పుడు మరొకడు లేచాడు. పొట్ట, జులపాలు, గొంతు మాత్రం పాతదే.

"అచ్చం మాస్టారేరా! మన పుస్తకం మీద అట్లాగే వంగేవారు. మనకు ఎప్పుడూ కనిపించింది ఆ నెత్తే కదరా! మొహం ఎవడు చూశాడు, భయంతో?"

"నెత్తి చూస్తేనే గుర్తుపట్టాను!" అని ఇంకొక ఆమె.

చప్పట్లు మొదలయ్యాయి. ఆగలేదు. చేతులు కట్టుకున్న పొదకు ఇంతసేపు కొట్టలేదు. ఈ విషయం నేను ప్రత్యేకంగా గమనించలేదు.

లెక్కల మాస్టారు నావైపు వంగారు.

"ఇప్పటికైనా మాత్ర మొదలుపెట్టారా?"

"మీకెలా తెలుసు?"

"మార్చిలో చెప్పానుగా, నా జుట్టు రహస్యం అదేనని. మీరేమో ఉప్పు తగ్గించమన్నారు. మా ఆవిడ నెల రోజులు చప్పిడి తిండి పెట్టిందండీ!" అని గొంతు తగ్గించారు. మొదటి మూడు వరుసలూ విన్నాయి. "అది సరే. చిత్రం కింద మన పాఠశాల పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మీరు లేచి గొడవ చేస్తారని అందరూ కాచుకుని కూర్చున్నారు. చూడలేదా?"

చూడలేదు. నేను తలవంకే చూస్తూ కూర్చున్నాను.

డిసెంబరు 4

మాత్ర. మందు. మళ్ళీ మాత్ర. కరపత్రాన్ని మరొకసారి చదివాను, ఈసారి కలం లేకుండా. చెప్పవలసినదంతా అందులోనే ఉంది.

మే 21

సెలవులు. నేను నేలమీద కూర్చుని పత్రిక చదువుతూ ఉండగా మనవరాలు వెనుక నుంచి వచ్చి భుజాల మీద పడింది. నేను అడగలేదు. తల కొద్దిగా వంచానంతే.

"తాతయ్యా, కదలకు."

వేలు నుదుటి దగ్గర మొదలై, ఎడమ పక్కగా వెనక్కి వెళ్ళి, నడినెత్తి చుట్టి, కుడి చెవి వైపు వచ్చింది. అక్కడ ఆగింది. వెనక్కి జరిగి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇక్కడ సన్నగా ఏదో ఉంది. నూగులాగా."

"భూమా?"

"ఆగు, చూడనీ." ఊపిరి నెత్తికి తగులుతోంది. "ఒకటి... ఇంకొకటి... ఇదిగో, చెవి దాకా ఉంది. పడవ అక్కరలేదు. నడిచి వెళ్ళొచ్చు."

"అయితే సరిగా చెప్పు. పూర్తి వాక్యంలో."

"మూడు వైపులా నీరు ఉండి, ఒక వైపు భూమి ఉన్నది కాబట్టి, మా తాతయ్య నెత్తి మీద ఉన్నది ద్వీపకల్పం."

పూర్తి మార్కులు వేశాను. ఆ వార్త మోసుకుని అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఇంకా నాలుగు వాక్యాలు వ్రాయాలని ఉంది కాని వంటగదిలో నుంచి కేక వినిపిస్తోంది. ఇద్దరూ కలిసి నవ్వుతున్నారు కూడా.

"ఏమండీ! ద్వీపకల్పంగారూ! మాత్ర!"